రెక్టమ్ క్యాన్సర్ ఆపరేషన్‌లో నరాల సంగతి: నల్లగొండ, పాలమూరు వైపు పేషెంట్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆపరేషన్‌కు ముందు అందరూ అడిగేవి మూడే ప్రశ్నలు: ప్రాణానికి ఫరవాలేదా, ఎంత ఖర్చవుతుంది, మలం పోవడానికి పొట్ట మీద సంచి పెడతారా. మూత్రం సంగతి, భార్యాభర్తల సంగతి ఆపరేషన్ అయిన ఆరు నెలలకు అడుగుతారు. అదీ తోడు వచ్చినవాళ్లు బయటికి వెళ్లాక, తలుపు దగ్గర నిలబడి, గొంతు తగ్గించి. ఈ రెండూ నడిచేది రెక్టమ్ పక్కనే ఉండే నరాలతో. ముందే అడిగి ఉంటే చెప్పగలిగేవి, చేయగలిగేవి చాలా ఉంటాయి. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల వైపు నుంచి హైదరాబాద్‌కు వచ్చే పేషెంట్లను, వాళ్ల ఇంటివాళ్లను మనసులో పెట్టుకుని ఈ జవాబులు రాశాను. మీ ఎమ్మారై చూసిన సర్జన్ చెప్పేదానికి ఇది బదులు కాదు. ఆయన్ని ఏమడగాలో తెలుసుకోవడానికి పనికొస్తుంది.

ఇది పైల్స్ ఆపరేషన్ లాంటిదేనా?

కాదు. పైల్స్ మలద్వారం దగ్గర ఉబ్బిన రక్తనాళాలు. రెక్టమ్ అంటే పెద్దపేగులో చివరి 12 నుంచి 15 సెంటీమీటర్ల భాగం. కటి ఎముకల మధ్య ఇరుకు చోటులో ఉంటుంది. దానికి ముందువైపు మూత్రాశయం, మగవాళ్లకు ప్రొస్టేట్, ఆడవాళ్లకు గర్భసంచి, యోని. వెనకవైపు వెన్నెముక చివరి ఎముక. మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది అప్పటికే నెలల తరబడి మొలల మందు వాడి ఉంటారు. కొందరు మొలలకని ఎవరిదగ్గరో ఇంజెక్షన్లు కూడా వేయించుకుని ఉంటారు. దొడ్డికి పోయినప్పుడు రక్తం పడుతుంటే వేలు పెట్టి చూసే పరీక్షకు ఒక్క నిమిషం చాలు. ఆ పరీక్ష చేయకుండా మొలల మందు రాసిచ్చే చోట ఆగకండి. మన దేశంలో ఈ క్యాన్సర్ ముప్పై, నలభై ఏళ్ల వాళ్లలోనూ బాగానే కనిపిస్తోంది. ‘చిన్న వయసే కదా, మొలలే అయ్యుంటాయి’ అనుకోవడం వల్లే చాలామంది ఆలస్యంగా వస్తున్నారు.

అక్కడ ఏ నరాలుంటాయి? వాటి పనేంటి?

రెండు రకాలు. మొదటి రకం పైనుంచి దిగుతాయి. పొట్ట వెనక పెద్ద రక్తనాళం ముందు నుంచి వచ్చి, నడుము ఎముక కిందికి వంగే చోట కలిసి, అక్కణ్నుంచి కుడికొకటి ఎడమకొకటిగా చీలి రెక్టమ్ పక్కగా కిందికి పోతాయి. మూత్రం ఆపుకోవడం, మగవాళ్లలో వీర్యం బయటికి రావడం వీటి పని.

రెండో రకం వెన్నెముక చివరి ఎముక రంధ్రాల్లోంచి వస్తాయి. మూత్రాశయం ముడుచుకుని మూత్రాన్ని బయటికి తోయడానికి, అంగస్తంభనకు, ఆడవాళ్లలో కలయిక సమయంలో తడి రావడానికి ఇవి కావాలి. ఈ రెండు రకాలూ కటి గోడ పక్కన, కుడివైపు ఒక చోట, ఎడమవైపు ఒక చోట కలుస్తాయి. అక్కణ్నుంచి మళ్లీ సన్నని పోగులుగా చీలి మూత్రాశయానికి, ప్రొస్టేట్‌కు, యోనికి వెళ్తాయి.

ఇవి కాళ్లూ చేతులూ ఆడించే నరాలు కావు. అందుకే ఆపరేషన్ తర్వాత మంచిగా నడుస్తూ, మంచిగా తింటూ ఉన్న మనిషికి కూడా మూత్రం దగ్గర ఇబ్బంది ఉండవచ్చు. ఇంటివాళ్లకు అది తెలియకపోవచ్చు.

నరాలు కాపాడే ఆపరేషన్ అంటే ఏదైనా కొత్త మిషనా?

మిషన్ కాదు, కోసే పద్ధతి. పాత రోజుల్లో సర్జన్ చేయి లోపలికి పోనిచ్చి, రెక్టమ్‌ను వెనకనుంచి చేత్తోనే విడదీసి లాగేవాడు. కంటికి కనిపించని చోట చేసే పని కాబట్టి చుట్టూ ఉన్న కొవ్వు చిరిగేది, అందులో క్యాన్సర్ ముక్కలు మిగిలేవి. నరాలూ తెగేవి. నూటికి 20, 30 మందికి అదే చోట గడ్డ తిరగబెట్టేది.

ఇంగ్లండ్‌లోని బేసింగ్‌స్టోక్‌లో బిల్ హీల్డ్ అనే సర్జన్ 1982లో ఒక విషయం గట్టిగా చెప్పాడు. రెక్టమ్‌ను చుట్టి ఉండే కొవ్వుకు, మీసోరెక్టమ్ అంటాం, తనదంటూ ఒక పలుచని పొర ఉంది. ఆ పొరకు బయట, నరాలకు లోపల, రక్తం పెద్దగా రాని ఒక సందు ఉంది. కంటికి కనిపించేలా, వెలుతురులో, కత్తెరతోనో కరెంటు కత్తితోనో ఆ సందులోనే నడిస్తే కొవ్వు మొత్తం పొరతో సహా ఒక్క ముద్దగా బయటికి వస్తుంది. తాటికాయలోంచి ముంజను చిట్లకుండా, నీళ్లు కారకుండా బొటనవేలితో తీసే నేర్పు ఇందులో కావాలి. దీన్నే టీఎంఈ (టోటల్ మీసోరెక్టల్ ఎక్సిషన్) అంటారు. ఈ పద్ధతి వచ్చాక అదే చోట తిరగబెట్టేవాళ్లు నూటికి పది మంది లోపుకు వచ్చారు.

అదే 1982లో అమెరికాలో పాట్రిక్ వాల్ష్ ప్రొస్టేట్ ఆపరేషన్‌లో అంగస్తంభన నరాలను చూసి, పక్కకు తప్పించి కాపాడటం మొదలుపెట్టాడు. రెక్టమ్ విషయంలో ఈ నరాలను ఒక్కొక్కటే గుర్తుపట్టి మిగల్చడంలో 1980లలో జపాన్ సర్జన్లు చాలా పనిచేశారు. మీ సర్జన్ ఈనాడు చేసేది ఈ పనులన్నీ కలిసినదే.

నరాలకు దెబ్బ ఎక్కడెక్కడ తగులుతుంది?

పేగుకు రక్తం తెచ్చే నాళాన్ని పైన, మొదట్లో కట్టేటప్పుడు ఒకటి. ముడి మరీ లోపలికి వేస్తే పైనుంచి దిగే నరాలు అందులో ఇరుక్కుంటాయి. రెండోది నడుము ఎముక వంగే చోట, వెనకవైపు సందులోకి దిగేటప్పుడు. సందు తప్పి ఒక్క పొర వెనక్కి పోతే కుడి ఎడమ నరాలు రెండూ తెగవచ్చు. అప్పుడు అంగస్తంభన ఉంటుంది కానీ వీర్యం బయటికి రాదు. మూడోది పక్కల. రెక్టమ్‌ను ఒకవైపు గట్టిగా లాగితే, రెండోవైపు నరాలు కలిసే చోటు కూడా దానితో పాటే లేచి వస్తుంది. కొత్త చేతికి అది కొవ్వు పోగులాగే కనిపిస్తుంది.

అన్నింటికంటే కష్టమైనది ముందువైపు. గడియారం ముళ్ల లెక్కన చెప్పాలంటే పదింటి దగ్గర, రెండింటి దగ్గర, ప్రొస్టేట్ మూలల్లో నరాలు రెక్టమ్‌కు మరీ దగ్గరగా వస్తాయి. ఇరుకు కటి ఉన్న మగవాడు, పొట్ట లావు, కింది భాగంలో ముందువైపు గడ్డ, ఈ మూడూ ఒక్క మనిషిలోనే ఉంటే ఎంత అనుభవం ఉన్న సర్జన్‌కైనా అది చెమట పట్టించే ఆపరేషనే.

మలద్వారం కూడా తీసేసే ఆపరేషన్‌లో కిందివైపు నుంచి కోసేటప్పుడు ఇంకో చోటు కలుస్తుంది. అందుకే ఆ ఆపరేషన్‌లో నరాల ఇబ్బందులు ఎక్కువ.

తెగడం ఒక్కటే దెబ్బ కాదు. లాగడం వల్ల, కరెంటు కత్తి వేడి వల్ల కూడా నరం మొద్దుబారుతుంది. తెగిన నరం తిరిగి రాదు. మొద్దుబారిన నరం నెలలు తీసుకుని కోలుకోవచ్చు, ఏడాది దాటి కూడా మెల్లగా మెరుగైనవాళ్లున్నారు. ఆపరేషన్ అయిన మూడో వారంలో ‘ఇక ఇంతే’ అని ఎవరైనా అంటే నమ్మకండి.

నరాలు వదిలేస్తే క్యాన్సర్ కూడా మిగిలిపోదా?

ఇది అడగాల్సిన ప్రశ్నే. మామూలుగా మిగలదు. ఎందుకంటే నరాలు మీసోరెక్టమ్ పొరకు బయట ఉంటాయి, క్యాన్సర్ లోపల ఉంటుంది. గడ్డ ఆ పొరకు ఎంత దగ్గరగా వచ్చిందో ఎమ్మారైలో ముందే చూస్తాం. 1 మిల్లీమీటర్ కంటే ఎక్కువ దూరం ఉంటే ఆ వైపు నరాలను నిశ్చింతగా కాపాడవచ్చు. గడ్డ పొరను తాకినా, దాటినా ముందు రేడియేషన్, కీమో ఇచ్చి తగ్గించడానికి చూస్తాం. అప్పటికీ తగ్గకపోతే ఆ వైపు నరాన్ని గడ్డతో పాటు తీసేయాల్సిందే. అక్కడ నరం కోసం క్యాన్సర్ వదిలే సర్జన్ మంచి సర్జన్ కాడు. ఒకవైపు తీసినా రెండోవైపు నిలిస్తే మూత్రం విషయం చాలామందికి సర్దుకుంటుంది. దాంపత్యం విషయం మాత్రం అంత బాగా సర్దుకోదు.

సర్జన్‌ను సూటిగా అడగండి: ‘నా ఎమ్మారైలో పొరకు గడ్డకు మధ్య ఎంత దూరం ఉంది? ఏ వైపు నరాలకు ప్రమాదం?’ ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఎమ్మారై తప్పనిసరి. సీటీ ఒక్కటే చేసి ఆపరేషన్ తేదీ ఇస్తుంటే ఎమ్మారై ఎందుకు వద్దన్నారో తెలుసుకోండి.

నూటికి ఎంతమందికి ఇబ్బంది వస్తుంది?

పాత పద్ధతిలో మగవాళ్లలో దాదాపు సగం మందికి అంగస్తంభన దెబ్బతినేది. నరాలు చూసి కాపాడే పద్ధతిలో వేర్వేరు పరిశీలనలు 10 నుంచి 35 శాతం వరకు చెబుతున్నాయి. ఎక్కువ కాలం నిలిచే మూత్రం ఇబ్బంది పది శాతానికి అటూ ఇటూ. లెక్కలు ఇంత తేడాగా ఉండటానికి కారణం ఉంది: గడ్డ ఎంత కింద ఉంది, రేడియేషన్ ఇచ్చారా, మనిషి వయసెంత అన్నవి ఒక్కో చోట ఒక్కో తీరు. నలభై ఏళ్ల, షుగర్ లేని, గడ్డ పైన ఉన్న మనిషికీ, అరవై ఐదేళ్ల, పదిహేనేళ్లుగా షుగర్ ఉన్న, మలద్వారం తీసేయాల్సి వచ్చిన మనిషికీ ఒకే శాతం చెబితే ఇద్దరినీ మోసం చేసినట్టే.

రోబోతో చేయిస్తే నరాలు గ్యారంటీనా?

గ్యారంటీ ఇస్తామన్న మాట ఎవరు చెప్పినా లేచి వచ్చేయండి. రోబోలో లోపలి దృశ్యం పెద్దగా, లోతుగా కనిపిస్తుంది, ఇరుకు చోట పరికరం మణికట్టులా తిరుగుతుంది. ఇవి నిజమైన లాభాలే. అయితే పది దేశాల్లో 471 మంది పేషెంట్లతో చేసి 2017లో ప్రచురించిన రోలార్ అనే పెద్ద పరిశీలనలో రోబోకూ, మామూలు లాప్రోస్కోపీకీ (చిన్న రంధ్రాలతో, కెమెరాతో చేసే ఆపరేషన్) మధ్య మూత్రం, దాంపత్యం విషయాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. నా అభిప్రాయం అడిగితే, రోబో ఉందా అన్నదానికంటే ఈ సర్జన్ నెలకు ఎన్ని రెక్టమ్ ఆపరేషన్లు చేస్తారు అన్న ప్రశ్న విలువైనది. పొలం అమ్మి రోబోకు డబ్బు కట్టే పని మాత్రం పెట్టుకోకండి.

రేడియేషన్ వల్ల కూడా నరాలు దెబ్బతింటాయా?

అవును, మెల్లగా. ఆపరేషన్ ఒక్కటే అయినవాళ్లకంటే ముందు రేడియేషన్ కూడా తీసుకున్నవాళ్లలో మలం ఆపుకోలేకపోవడం, దాంపత్య ఇబ్బందులు ఎక్కువని నెదర్లాండ్స్‌లో జరిగిన పెద్ద పరిశీలనలో తేలింది. ఆడవాళ్లకు యోని బిగుసుకుపోవచ్చు, నెలసరి ముందే ఆగిపోతుంది. అయినా గడ్డ పొరకు దగ్గరగా ఉన్నప్పుడు రేడియేషన్ వల్ల వచ్చే లాభం ముందు ఇది ఒప్పుకోవాల్సిన నష్టమే. ఐదు రోజుల చిన్న కోర్సు, ఐదారు వారాల పెద్ద కోర్సు అని రెండు రకాలున్నాయి. ఊరి నుంచి రోజూ వచ్చి పోలేనివాళ్లు చిన్న కోర్సు కుదురుతుందా అని అడగవచ్చు. గడ్డ పైన ఉండి, పొరకు దూరంగా ఉంటే రేడియేషన్ లేకుండానే నడిపించే వీలు కూడా కొందరికి ఉంది.

రేడియేషన్, కీమోతో గడ్డ పూర్తిగా మాయమైతే ఆపరేషన్ మానేయొచ్చా?

కొందరు మానవచ్చు. బ్రెజిల్ సర్జన్ ఏంజెలీటా హాబర్ గామా ఈ దారి చూపించారు. వేలితో, కెమెరాతో, ఎమ్మారైతో చూసినా ఏమీ కనిపించనివాళ్లను కోయకుండా కాపలా కాస్తారు. నరాల దృష్టితో చూస్తే ఇంతకంటే మంచిది లేదు. కానీ నలుగురిలో ఒకరికి రెండేళ్లలో అదే చోట మళ్లీ వస్తుంది. త్వరగా పట్టుకుంటే ఆపరేషన్ చేయవచ్చు. అందుకే మొదటి రెండేళ్లు దాదాపు మూడు నెలలకోసారి రావాలి. అచ్చంపేట దాటి ఊరు, వరి కోతలప్పుడు ఫోన్ ఎత్తనివాళ్లు, పుణెకో ముంబైకో వలస పోయేవాళ్లు: వీళ్లకు ఈ దారి చెప్పడానికి నేను వెనకాడతాను. రాగలిగినవాళ్లకు సంతోషంగా చెబుతాను.

ఆపరేషన్‌కు ముందు సర్జన్‌కు ఏమేం చెప్పాలి?

ఇప్పుడు మీ పరిస్థితి ఎలా ఉందో. రాత్రి మూత్రానికి ఎన్నిసార్లు లేస్తున్నారు, ధార సన్నగా ఉందా, ఆగి ఆగి వస్తోందా, భార్యాభర్తలు కలుస్తున్నారా, అంగస్తంభన ఎలా ఉంది. ఇవి ముందే రాసి ఉంచకపోతే తర్వాత వచ్చిన ఇబ్బంది ఆపరేషన్‌దా, పాత ప్రొస్టేట్‌దా, షుగర్‌దా తేల్చడం ఎవరి తరమూ కాదు. షుగర్, బీపీ మాత్రల చీటీలన్నీ తెచ్చుకోండి. బీడీ, సిగరెట్ ఉంటే చెప్పండి, ఆపండి.

నల్లగొండ జిల్లా వాళ్లకు ఇంకో మాట. మర్రిగూడ, మునుగోడు వైపు ఊళ్లలో పెరిగిన పెద్దవాళ్లకు ఫ్లోరైడ్ నీళ్ల వల్ల నడుము, తుంటి బిగుసుకుపోయి ఉంటాయి. వెన్నుపూస లోపల నరాలు నొక్కుకుపోతే మూత్రం ఇబ్బంది ముందునుంచే ఉండవచ్చు. వెన్నులో మత్తు సూది దిగడం కష్టమవుతుంది. పైగా ఈ ఆపరేషన్‌లో కాళ్లు ఎడంగా, పైకి ఎత్తి కట్టాలి. తుంటి తిరగని మనిషికి మత్తులో బలవంతంగా అలా పెడితే కొత్త దెబ్బ తగులుతుంది. ‘మా నాన్న కింద కూర్చోలేడు, మెడ తిప్పలేడు’ అని మత్తు డాక్టర్‌కు ముందురోజే చెప్పండి.

నాన్నకు క్యాన్సర్ అని చెప్పలేదు. మీరూ చెప్పొద్దు సార్.

ఎందుకంటున్నారో అర్థమవుతుంది. కానీ పొట్ట మీద సంచి వస్తుంది, మూత్రం ట్యూబ్‌తో ఇంటికి పోవాల్సి రావచ్చు, భార్యతో సంబంధం మారవచ్చు. ఇవి ఆయన ఒంటికి జరిగేవి. సంతకం ఆయనది. క్యాన్సర్ అన్న మాట ఎప్పుడు, ఎలా చెప్పాలో కూర్చుని మాట్లాడుకుందాం. ఈ మూడు సంగతులు చెప్పకుండా మాత్రం ఆపరేషన్ టేబుల్ ఎక్కించను.

ఇంకా పిల్లలు కావాలనుకుంటున్నాం.

రేడియేషన్, కీమో మొదలుకాకముందే చెప్పండి. మగవాళ్లు వీర్యం దాచిపెట్టుకోవచ్చు, అది ఒకట్రెండు రోజుల పని. ఆడవాళ్లకు అండాలు దాచడం, అండాశయాలను రేడియేషన్ తగలని చోటికి పైకి జరిపి కుట్టడం అనే దారులున్నాయి. వాటికి కొంచెం సమయం కావాలి. రేడియేషన్ మొదలయ్యాక అడిగితే ఈ దారులు దాదాపు మూసుకుపోయినట్టే.

సంచి తప్పదా? ఎక్కడ పెడతారు?

గడ్డ మలద్వారం కండరాన్ని పట్టేస్తే శాశ్వత సంచి. లేకపోతే పేగు కలిపిన చోట మానేదాకా తాత్కాలిక సంచి, మామూలుగా రెండు మూడు నెలలు, తర్వాత కీమో ఉంటే ఇంకొంచెం ఎక్కువ.

ఎక్కడ అన్నది ఆపరేషన్‌కు ముందే పెన్నుతో గుర్తు పెట్టించుకోండి. పడుకోబెట్టి ఒక్కటే చూస్తే చాలదు. నిలబెట్టి, కూర్చోబెట్టి, గొంతుక్కూర్చోబెట్టి చూడాలి. నాట్లేసే ఆడవాళ్లు రోజంతా వంగి ఉంటారు. లంగా బొందు ఎక్కడ కడతారో, చీర కుచ్చిళ్లు ఎక్కడ దోపుతారో చూపించండి. గీత కార్మికులైతే మోకు, ముత్తాదు ఒంటికి ఎక్కడ ఒరుసుకుంటాయో చూపించండి. నగరంలో పెరిగిన నర్సుకు ఇది తట్టకపోవచ్చు, మీరే చెప్పాలి. తాత్కాలిక సంచి ఉన్నన్నాళ్లు చెట్టు ఎక్కే మాట మరిచిపోవాలి, శాశ్వత సంచి అయితే వేరే పని చూసుకోవడమే మంచిది.

మూత్రం ట్యూబ్ తీశాక మూత్రం రాకపోతే?

టెన్షన్ పడకండి, ఇది తరచుగా జరిగేదే. మొదటి రోజుల్లో నరాల చుట్టూ వాపు ఉంటుంది. ట్యూబ్ తీశాక మూత్రం పోసి, లోపల ఎంత మిగిలిందో స్కానింగ్‌లో చూస్తారు. 100 మిల్లీలీటర్ల లోపు ఉంటే మంచిది. ఎక్కువ మిగిలితే ట్యూబ్ మళ్లీ పెట్టి ఇంటికి పంపి, ఒకట్రెండు వారాలకు ఇంకోసారి ప్రయత్నిస్తారు. ప్రొస్టేట్ పెరిగిన మగవాళ్లకు టామ్సులోసిన్ మాత్ర సాయం చేస్తుంది. అప్పటికీ రాకపోతే రోజుకు కొన్నిసార్లు సన్నని పైపు మీరే పెట్టుకుని మూత్రం తీసి, పైపు తీసేసే పద్ధతి నేర్పిస్తారు. వినడానికి భయంగా ఉంటుంది కానీ ఎప్పుడూ ట్యూబ్ వేలాడుతూ ఉండటం కంటే ఇదే మేలు, ఇన్‌ఫెక్షన్లు తక్కువ.

జాగ్రత్త పడాల్సింది ఇంకో చోట. మూత్రాశయం నిండినట్టే తెలియక, చుక్కలు చుక్కలుగా బట్టలు తడుస్తుంటే ‘మూత్రం వస్తోంది కదా’ అనుకుంటారు. అది నిండి పొర్లడం. అలాగే వదిలేస్తే కిడ్నీలకు ప్రమాదం. పొత్తికడుపు ఉబ్బి, చుక్కలు పడుతుంటే అదే రోజు జిల్లా ఆసుపత్రికైనా వెళ్లి ట్యూబ్ వేయించుకోండి.

ఆపరేషన్ తర్వాత అంగం గట్టిపడటం లేదు. ఇది పోయినట్టేనా?

కనీసం ఏడాది చూడకుండా ఆ మాట అనకూడదు. మందుకు ఏడాది ఆగాల్సిన పనిలేదు, రెండు మూడు నెలలకే మొదలుపెట్టవచ్చు. సిల్డెనాఫిల్, టాడాలాఫిల్ మాత్రలు కొంతైనా నరం మిగిలినవాళ్లకు బాగా పనిచేస్తాయి. 2002లో ప్రచురించిన ఒక చిన్న పరిశీలనలో, రెక్టమ్ ఆపరేషన్ అయినవాళ్లలో సిల్డెనాఫిల్ వాడిన 14 మందిలో 11 మందికి మెరుగైంది. ఉత్తుత్తి మాత్ర వాడిన 18 మందిలో ముగ్గురికే. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్ర, అంటే నైట్రేట్ రకం మందులు వాడేవాళ్లు వీటిని ముట్టుకోకూడదు, బీపీ ప్రాణం తీసేంతగా పడిపోతుంది. అందుకే మెడికల్ షాపులో అడిగి తెచ్చుకోవద్దు. మాత్రలు పనిచేయకపోతే ఇంజెక్షన్, గాలి పంపు, చివరికి ఇంప్లాంట్ ఉన్నాయి. వీటికి యూరాలజిస్టును కలవాలి.

అంగస్తంభన ఉండి వీర్యం రాకపోతే అది వెనక్కి, మూత్రాశయంలోకి పోతూ ఉండవచ్చు. తర్వాత మూత్రం తెల్లగా రావచ్చు. దానివల్ల ఒంటికి ఏ హానీ లేదు.

బస్టాండ్ గోడల మీద ‘నరాల బలహీనతకు’ అని ప్రకటనలుంటాయి. ఆ మందులు వాడొచ్చా?

వద్దు. ఊళ్లో వేసే బి12 ఇంజెక్షన్లు కూడా తెగిన నరాన్ని అతికించవు. ఆ డబ్బుతో రెండుసార్లు హైదరాబాద్ వచ్చి యూరాలజిస్టుకు చూపించుకోవచ్చు.

కీమో వల్ల, ముఖ్యంగా ఆక్సాలిప్లాటిన్ వల్ల, చేతులు కాళ్లు తిమ్మిరెక్కి, చల్లనీళ్లు ముట్టుకుంటే ముల్లు గుచ్చినట్టు ఉండటం వేరే సంగతి. ఆపరేషన్‌కు, దానికి సంబంధం లేదు. కీమో డాక్టర్‌కు చెబితే డోసు మారుస్తారు.

ఆడవాళ్లకు ఏ ఇబ్బందులు వస్తాయి? ఎవరూ అడగరు, చెప్పరు.

నిజమే, అడగకపోవడం మా డాక్టర్ల తప్పు. పరిశీలనల్లో కూడా మగవాళ్ల లెక్కలే ఎక్కువ. తడి తగ్గుతుంది, కలయికలో నొప్పి ఉంటుంది, స్పర్శ మందగిస్తుంది. రేడియేషన్ అయితే యోని బిగుసుకుంటుంది. నీటి ఆధారిత జెల్ మెడికల్ షాపులో దొరుకుతుంది. రేడియేషన్ తర్వాత యోని దారి మూసుకుపోకుండా డైలేటర్ (లోపల పెట్టుకునే నున్నటి కడ్డీ లాంటి పరికరం) వాడటం నేర్పిస్తారు. కొందరికి ఈస్ట్రోజెన్ క్రీమ్ రాస్తారు. గర్భసంచి తీయాల్సిన అవసరం ఉందా అని ముందే అడగండి. గడ్డ దాన్ని పట్టనప్పుడు, ‘ఎలాగూ పిల్లలు అయిపోయారు కదా’ అని తీసేయడానికి అది కారణం కాదు.

భర్త చేయి వేస్తే భయమేస్తోందని, అందుకే చెల్లెలి ఇంట్లో ఉంటున్నానని చెప్పినవాళ్లున్నారు. గాయం మానిన తర్వాత, సాధారణంగా రెండు మూడు నెలలకు, కలయిక వల్ల కుట్లు ఊడవు, క్యాన్సర్ అంటుకోదు. ఈ రెండు మాటలు భర్తకు డాక్టర్ నోటి నుంచి చెప్పిస్తే పని సులువవుతుంది. లేడీ డాక్టరో నర్సో కావాలని అడగడానికి మొహమాటపడకండి.

సంచి తీసేశాక రోజుకు పది, పన్నెండు సార్లు దొడ్డికి పోవాల్సి వస్తోంది. ఆపరేషన్ ఫెయిలైందా?

కాలేదు. రెక్టమ్ అంటే మలం నిలవ ఉండే చోటు. ఆ చోటు పోయింది. కింద కలిపిన పేగుకు నిలవ పెట్టడం అలవాటు లేదు, దానికి తోడు నరాల మొద్దుబారడం. వెళ్లి వచ్చిన పది నిమిషాలకే మళ్లీ వెళ్లాలనిపించడం, గాలా మలమా తేడా తెలియకపోవడం, ఆపుకోలేకపోవడం నూటికి ఎనభై మంది వరకు ఏదో ఒక మేరకు చూస్తారు. మొదటి ఏడాది, ఏడాదిన్నరలో చాలావరకు తగ్గుతుంది. పూర్తిగా పాతరోజులు అందరికీ రావు.

ఇసబ్గోల్ మలాన్ని గట్టిపరుస్తుంది. లోపరమైడ్ మాత్ర డాక్టర్ చెప్పిన మోతాదులో, తినడానికి అరగంట ముందు వేసుకుంటే మేలు. మలద్వారం కండరాన్ని బిగించి వదిలే వ్యాయామం రోజూ చేయాలి, ఫిజియోథెరపిస్టు నేర్పిస్తారు. వీటితో లొంగకపోతే నీళ్లతో పేగు కడుక్కునే పద్ధతి ఉంది.

ప్రయాణమే పెద్ద బాధ. పాలమూరు నుంచి కాచిగూడకు, నల్లగొండ నుంచి సికింద్రాబాద్‌కు బాత్రూం ఉన్న రైలు దొరికితే బస్సు కంటే అదే నయం. బస్సే అయితే ముందురోజు రాత్రి తక్కువ తిని, పొద్దున ఖాళీ కడుపుతో బయల్దేరి, పరీక్ష అయ్యాక తినండి.

తిండి? కల్లు తాగొచ్చా?

పేగు సంచి ఉన్నప్పుడు ఎండాకాలం చాలా జాగ్రత్త. సంచిలోకి రోజుకు లీటరున్నర దాటి పోతుంటే ఒంట్లో నీరూ ఉప్పూ పడిపోయి కిడ్నీలు దెబ్బతింటాయి. ఒట్టి నీళ్లు ఎక్కువ తాగితే ఇంకా నష్టం. ఓఆర్ఎస్, ఉప్పేసిన మజ్జిగ, గంజి తాగండి. మొదటి కొన్ని వారాలు అన్నం, పెరుగు, మెత్తటి పప్పు, గుడ్డు. జొన్నరొట్టె, పచ్చి కూరగాయలు, పల్లీలు, మక్కలు మెల్లగా తర్వాత, బాగా నమిలి. కల్లు గ్యాస్ పెంచుతుంది, సంచి ఉబ్బుతుంది, విరేచనం పలుచనవుతుంది. దుకాణాల్లో మత్తుమందు కలిపిన కల్లు అయితే ఎప్పుడూ వద్దు.

ఎక్కడికి పోవాలి? ఆరోగ్యశ్రీ వర్తిస్తుందా?

ఆరోగ్యశ్రీ 2007లో మొదట మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. 2023 డిసెంబర్ నుంచి తెలంగాణలో కుటుంబానికి పరిమితి 10 లక్షలు. క్యాన్సర్ ఆపరేషన్, కీమో, రేడియేషన్ ఇందులో ఉన్నాయి. ఆహార భద్రత కార్డు, ఆధార్ పట్టుకుని ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర డెస్క్ దగ్గరికి వెళ్లండి. మీ ఆపరేషన్‌లో ఏది పథకం కిందికి వస్తుంది, ఏది రాదు అన్నది చేరకముందే అడగండి. హైదరాబాద్‌లో ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే. పంజాగుట్ట నిమ్స్‌లోనూ క్యాన్సర్ సర్జరీ విభాగం ఉంది. కొలనోస్కోపీ (కెమెరాతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) రిపోర్టు, బయాప్సీ స్లైడు, ఎమ్మారై సీడీ, మూడూ వెంట తెచ్చుకోండి. ఎమ్మారై రిపోర్టు కాగితం ఒక్కటే తెస్తే ఎమ్మారై మళ్లీ చేయాల్సి రావచ్చు.

మళ్లీ పనికి ఎప్పుడు పోవచ్చు? చెకప్‌లు ఎన్నాళ్లు?

ఆరు నుంచి ఎనిమిది వారాలు నీళ్ల బిందె, వడ్ల బస్తా, ఎరువు సంచి ఎత్తకూడదు. ఎత్తితే కుట్ల దగ్గర, సంచి పక్కన గిలక (హెర్నియా) వస్తుంది. నడక మొదటి రోజు నుంచే. ట్రాక్టర్ నడపడం రెండు మూడు నెలల తర్వాత, కూర్చుంటే నొప్పి లేనప్పుడు. మలద్వారం తీసేసినవాళ్లకు కింద గాయం మానడానికి ఇంకా ఎక్కువ పడుతుంది.

మొదటి రెండేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి చూపించుకుని సీఈఏ రక్తపరీక్ష (క్యాన్సర్ తిరగబెడుతోందా అని చూసేది) చేయించాలి, తర్వాత ఐదేళ్ల దాకా ఆరు నెలలకోసారి. ఏడాదికోసారైనా సీటీ. కొలనోస్కోపీ ఆపరేషన్ అయిన ఏడాదికి ఒకటి చేసి, బాగుంటే తర్వాతిది మూడేళ్లకు. అన్నదమ్ములకు, పిల్లలకు కూడా డాక్టర్ చెప్పిన వయసులో కొలనోస్కోపీ అవసరం. ముఖ్యంగా మీకు యాభై ఏళ్ల లోపే వచ్చి ఉంటే. చెకప్‌కు వచ్చిన ప్రతిసారీ మూత్రం, దాంపత్యం ఎలా ఉన్నాయో మేమే అడగాలి. మేం మరిచిపోతే మీరు చెప్పండి.